పద్మారావు నగర్ మీటర్ గేజ్ లేఅవుట్: మే నెలాఖరులోగా మల్కాజిగిరి చేరాలి

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | ఏప్రిల్ 27, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మీలో కొందరు వచ్చి చూసిన, మిగిలినవారు ఫొటోల్లో చూసిన మా మేడ మీది మోడల్ రైళ్ల లేఅవుట్‌కు (చిన్న రైళ్లు నడిచే నమూనా స్టేషను, పట్టాల బల్లకు) గడువు దగ్గరపడింది. మా పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి అన్నదమ్ములమంతా ఒప్పుకుని సంతకాలు చేశాం. మే 31 నాటికి తాళాలు అప్పగించాలి. కొత్త ఇల్లు తయారయ్యేదాకా మల్కాజిగిరిలో మా అమ్మాయి ఇంట్లో ఉంటాం. అక్కడ ఒక గదిని నా రైళ్ల కోసం వదిలిపెట్టారు కానీ, ఆ గది 13 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు మాత్రమే. నా లేఅవుట్ 14 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు.

అసలు చిక్కు అంతకన్నా ముందే ఉంది. పదకొండేళ్లుగా ఆ గదిలోనే కట్టుకుంటూ వచ్చానే తప్ప, దాన్ని ఒకనాడు బయటికి తీయవలసి వస్తుందని ఆలోచించలేదు. కుండలో పెరిగిన గుమ్మడికాయలా అది గదిలో పెరిగిపోయింది. మెట్ల వెడల్పు రెండుముప్పావు అడుగులు, పైగా మధ్యలో మలుపు ఉంది. టేకు ఫ్రేము మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒకే పలకగా బిగించి ఉంది.

కొత్తగా చేరినవారి కోసం రెండు మాటలు చెబుతాను. ఇది 1:87 స్కేలులో (అంటే అసలు కొలతలో 87వ వంతు), 12 మిల్లీమీటర్ల ఎడమున్న పట్టాల మీద, మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య ఒక మీటరు ఎడం) రోజుల కాచిగూడను గుర్తుచేసే లేఅవుట్. 1916లో కట్టిన స్టేషన్ ముఖభాగాన్ని పొడవు కుదించి మౌంట్ బోర్డుతో చేశాను. గుమ్మటాలు టేబుల్ టెన్నిస్ బంతుల సగాలు. రాళ్లగుట్టలు థర్మోకోల్ మీద ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, నేల ఎండబెట్టిన టీ పొడి, పొదలు బీరపీచు. పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకొక లైనుకు మళ్లించే పట్టాల అమరికలు) ఏడింటినీ నా చేత్తోనే చేసుకున్నాను కనుక వాటిలో ఒకటి పాడైనా మళ్లీ కొనుక్కోవడానికి దుకాణం లేదు.

సెలవులు మొదలయ్యాయి, పిల్లలకు తీరిక ఉంది, పెద్దవాళ్లలోనూ కొందరికి ఉంటుందనుకుంటున్నాను. సలహా కావాలి, కుదిరితే చేతులు కూడా కావాలి. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. అదే గదిలో మా ఆవిడ ఈ నెలాఖరుకు ఆవకాయ జాడీలు పెట్టాలని నిశ్చయించుకున్నారు, ఆ విషయంలో నేను రాజీకి ప్రయత్నించి ఓడిపోయాను.

మౌలాలి_షెడ్ | ఏప్రిల్ 27, రాత్రి 10:25

కాచిగూడ గారూ, రంపం పెట్టవద్దని మనవి. పదకొండేళ్ల పనిని ముక్కలు చేస్తే ఎంత బాగా అతికించినా ఆ అతుకు కంటికి కనబడుతూనే ఉంటుంది. కిటికీ చట్రం తీసేసి, మేడ మీద నుంచి తాళ్లతో కిందికి దించే మార్గం చూడండి. పియానోలను అలాగే దించుతారు.

రాణిగంజ్_రంపం | ఏప్రిల్ 28, ఉదయం 7:10

మౌలాలి గారి బాధ అర్థమవుతుంది కానీ, తాళ్లతో దించినా ఆ 14 అడుగులు 13 అడుగుల గదిలో ఎక్కడ పడతాయో ఆయన చెప్పలేదు. కోయక తప్పదు. కోసే ముందు చేయవలసిన పని మాత్రం కోత కన్నా పెద్దది, అందుకే వివరంగా రాస్తున్నాను.

కోయదలచిన గీతకు కింది వైపున, ఫ్రేముకు అడ్డంగా రెండు చెక్క బద్దలను ఒకదానికొకటి ఆనించి బిగించాలి. రెండింటినీ కలిపి ఒకేసారి బెజ్జాలు వేసి, రెండు బోల్టులు, రెండు గూటపు పిన్నులు అమర్చాలి. పిన్నులు అమరిక కోసం, బోల్టులు పట్టు కోసం. ఇదంతా లేఅవుట్ ఒకటిగా ఉన్నప్పుడే జరగాలి. ఆ తరువాత రెండు బద్దల మధ్య నుంచి రంపం పోతే, తిరిగి కలిపినప్పుడు పిన్నులు వాటంతట అవే పాత చోటును పట్టుకుంటాయి. కోసిన తరువాత బెజ్జాలు వేద్దామనుకుంటే అర మిల్లీమీటరు తేడా వస్తుంది. చెక్కకు అది లెక్కలోకి రాదు, పట్టాకు అది ప్రమాదం.

పట్టాల సంగతి కూడా అంతే. కోతకు రెండు వైపులా రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలను స్లీపర్ల స్థానంలో అతికించి, పట్టాలను వాటికి టంకంతో అతకాలి. లేకపోతే కోసిన కొన దేనికీ పట్టుకోకుండా ఊగుతుంది, మొదటిసారి చొక్కా చేయి తగిలినప్పుడే ఊడిపోతుంది. రెండు పట్టాల మధ్య రాగి పూతను గీకి తీసేయడం మరచిపోకండి, నేను ఒకసారి మరచిపోయి ఒక సాయంత్రమంతా షార్ట్ ఎక్కడుందో వెతికాను.

నా దగ్గర సన్నని పళ్ల రంపం, చేతిలో ఇమిడే కోత మిషను ఉన్నాయి. ఆదివారాలు ఖాళీయే.

మౌలాలి_షెడ్ | ఏప్రిల్ 28, ఉదయం 8:02

గది కొలత రెండోసారి చదివాను. నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను, పియానోతో సహా.

గుంతకల్లు_పీవే | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 3:15

నేను ముప్పైనాలుగేళ్లు పట్టాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. సెలవులకు మనవళ్ల కోసం హైదరాబాద్ వచ్చి ఉన్నాను. చెక్క పని గురించి రాణిగంజ్ గారు చెప్పినదానికి నేను కలిపేది లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి: మిట్టమధ్యాహ్నం కోయకండి.

మీ పట్టా నికెల్ సిల్వర్ అయితే, 14 అడుగుల పొడవుకు 20 డిగ్రీల తేడా వస్తే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. మేడ మీది గది మే నెలలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. సాగిన పట్టాను ఆ వేడిలో కొలిచి, కొనలు తగిలీతగలనట్టు అమర్చితే డిసెంబరులో మీ జాయింట్లు నోళ్లు తెరుస్తాయి. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొనలు ఆనించి అతికితే మధ్యాహ్నానికి పట్టాలు ఒకదాన్నొకటి నెట్టుకుని పక్కకు వంగుతాయి. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య కోసి, ప్రతి జాయింటు దగ్గర అర మిల్లీమీటరు ఖాళీ వదలండి. మూడు ముక్కలైతే రెండు జాయింట్లలో ఒక మిల్లీమీటరు దొరుకుతుంది, ఇంటి లోపలికి అది చాలు.

నిజమైన లైనులో ఎండాకాలం వస్తే గస్తీ వేసేవాళ్లం. పొడవుగా వెల్డింగ్ చేసిన పట్టా వేడికి ఎక్కడ పక్కకు తోసుకుంటుందో అని మధ్యాహ్నం పూట కీమాన్‌లు (పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే సిబ్బంది) నడుస్తూనే ఉండేవారు. పట్టా వేడి గాలి వేడి కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, చెప్పులోంచి తెలిసేది. మీ 14 అడుగుల లైనుకు గస్తీ నేను వేస్తాను. ఎండ నాకు కొత్త కాదు.

తార్నాక_ఎన్_స్కేల్ | ఏప్రిల్ 28, రాత్రి 11:30

గుంతకల్లు గారి లెక్క సరైనదే, కానీ చెక్క గురించి కూడా అనుకోవాలి. ఎండాకాలపు పొడిగాలికి ఫ్రేము ఎండి ముడుచుకుంటుంది, అదే సమయంలో పట్టా పెరుగుతుంది. రెండూ ఎదురెదురు దిశల్లో పోతాయి కనుక పట్టా వంగిన చోట తప్పంతా ఎండదే అనుకోవడం పొరపాటు. ప్లైవుడ్‌కు కింది వైపు కూడా వార్నిష్ పూశారా అన్నది నా ప్రశ్న.

ఇక మూల సంగతి. మూడు ముక్కల్లో రెండింటిని ఒక గోడకు, మూడోదాన్ని పక్క గోడకు పెడితే మధ్యలో వంపు ముక్క ఒకటి కావాలి. కాచిగూడ గారి రైలు పెట్టెలు 22 సెంటీమీటర్లని గుర్తు. వంపు వ్యాసార్థం పెట్టె పొడవుకు మూడు రెట్లు ఉంటే బండి కంటికి ఇంపుగా తిరుగుతుంది, అంటే 66 సెంటీమీటర్లు. మూడడుగుల చదరంలో అది హాయిగా సరిపోతుంది. ఆ మూల ముక్కను నేను చేసి తెస్తాను. నేను 1:160లో బండ్లు నడుపుకునేవాణ్ణి, నా 9 మిల్లీమీటర్ల పట్టాలను చూసి మీరంతా అగ్గిపెట్టెలని నవ్వినవారే అయినా, వంపు గీయడానికి స్కేలుతో పని లేదు.

మౌలాలి_షెడ్ | ఏప్రిల్ 28, రాత్రి 11:52

నవ్వింది నేనొక్కణ్ణే, ఒప్పుకుంటున్నాను. అయితే మీటర్ గేజ్‌ను ఎంచుకోవడంలో కాచిగూడ గారి తెలివి మీరు గమనించారో లేదో. 1000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర, పట్టా పన్నెండు. తేడా అర మిల్లీమీటరు. మేం బ్రాడ్ గేజ్ వాళ్లం అసలు పట్టాల ఎడమైన 1676 మిల్లీమీటర్లను 87తో భాగించి పందొమ్మిది దాటిన జవాబు చూసుకుని, పదహారున్నర పట్టాల మీద డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనును నడిపి, ఎవరూ స్కేలు పెట్టి కొలవరనే ధైర్యంతో బతుకుతున్నాం. ఆ పట్టాకు నప్పాలంటే మేం 1:100లో చేసుకోవాలి, అప్పుడు ఇంజన్లన్నీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఈ చర్చ ఇక్కడ అనవసరం, ఆపేస్తున్నాను.

చిన్నగార్డు_వాళ్లమ్మ | ఏప్రిల్ 29, ఉదయం 10:05

నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాయను. మా బాబుకు పదేళ్లు. సెలవులు మొదలైన రోజు నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల వేళల పట్టిక చేతిలో పెట్టుకుని ఇంట్లో అందరికీ బండ్లు ప్రకటిస్తున్నాడు. ఆ రోజు వాణ్ణి తీసుకురావచ్చా? అల్లరి చేయడని హామీ ఇవ్వలేను కానీ, చెప్పిన చోట నిలబడతాడు. మా ఇద్దరి చేతులూ పనికి వస్తాయనుకుంటే మజ్జిగ, పులిహోర నేను తెస్తాను.

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | ఏప్రిల్ 29, ఉదయం 10:20

అమ్మా, తప్పకుండా తీసుకురండి. వాడి చేత చేయించవలసిన పని ఒకటి ఉంది, కింద గుజరాతీ గల్లీ గారు రాస్తే అదేమిటో తెలుస్తుంది. తార్నాక గారికి జవాబు: కింది వైపు వార్నిష్ పూయలేదు. మీరు అడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు.

గుజరాతీ_గల్లీ | ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:40

నాకు కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది కాబట్టి ఈ పేరు. కాచిగూడ గారి వైర్లను నేను రెండేళ్ల కిందట పాయింటు మోటారు బాగుచేయడానికి వెళ్లినప్పుడు చూశాను. లేఅవుట్ కింద దూరి పైకి చూస్తే మర్రిచెట్టు ఊడలు గుర్తొచ్చాయి. అది 12 వోల్టుల డీసీ పద్ధతి, ఎనిమిది సెక్షన్లు (విడివిడిగా కరెంటు అందే పట్టా భాగాలు), సెక్షనుకొక స్విచ్చి, ఏడు పాయింటు మోటార్లు. కోత గీత ఎక్కడ పెట్టినా కనీసం ఇరవై వైర్లు తెగుతాయి.

ఒక్క వైరు కూడా కోసే ముందు ప్రతిదానికీ రెండు చివర్లా ఒకే అంకె ఉన్న చీటీ అంటించాలి. ఈ పని కళ్లు బాగున్నవాళ్లు, కింద దూరగలిగినవాళ్లు చేయాలి. మనలో ఆ రెండూ ఉన్నవారు అరుదు. చిన్నగార్డు ఆ రోజు ముఖ్యమైన ఉద్యోగి. ఇరవైనాలుగు పిన్నుల కనెక్టర్లు రెండు జతలు నా దుకాణం నుంచి తెస్తాను, వాటికి డబ్బు మాట ఎత్తవద్దు.

డీసీసీకి (ప్రతి ఇంజనుకూ పట్టాల ద్వారానే డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతికి) మారిపోతే రెండు వైర్లతో పని అయిపోతుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగవద్దు. ఇల్లు మారుతున్నప్పుడు వంటగది కొత్తగా కట్టుకోరు.

తార్నాక_ఎన్_స్కేల్ | ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:44

నేనే అడగబోయాను.

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | మే 4, సాయంత్రం 6:30

రాణిగంజ్ గారు వచ్చి కొలతలు తీసుకున్నారు. ముక్కలు సమానంగా రావు. యార్డులో నాలుగు పాయింట్లు వరుసగా ఉన్నాయి, వాటి మధ్య రంపం పోదు. స్టేషను ముఖభాగం కింద కూడా పోదు. అందువల్ల ఎడమ ముక్క ఐదడుగులు, మధ్యది నాలుగు, కుడిది ఐదు. రెండో కోత నేరుగా రాళ్లగుట్ట గుండా పోతుంది. ఆ గుట్టను చేయడానికి నాకు రెండు వేసవులు పట్టాయి, మౌలాలి దగ్గరి రాళ్లను చూసి వచ్చి ఒక్కొక్క బండనూ చెక్కాను. అయినా గుట్ట మళ్లీ చేసుకోవచ్చు, పాయింట్లు చేసుకునే కళ్లు ఇప్పుడు నాకు లేవు.

మే 11 ఆదివారం వైర్లు, చెక్క బద్దలు, టంకం. మే 18 ఆదివారం ఉదయం ఆరుకు కోత. ఆవకాయ గురించి ఒప్పందం కుదిరింది: జాడీలు కింది గదిలో, మామిడి ముక్కలు తుడిచి ఆరబెట్టే నులక మంచం మాత్రం లేఅవుట్ పక్కన. ఆ వారం పట్టాల మీద ఆవపిండి వాసన వస్తే నన్ను అడగవద్దు.

గుంతకల్లు_పీవే | మే 18, మధ్యాహ్నం 12:10

కాచిగూడ గారు చేతులు కడుక్కుంటున్నారు కనుక ఈ నివేదిక నేను రాస్తున్నాను.

ఆరుగురం వచ్చాం. ఐదూ యాభైకి గది ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. మొదటి కోత ఆరూ పదికి మొదలై ఇరవై నిమిషాల్లో అయింది, రాణిగంజ్ గారి చేతికి వణుకు లేదు. కోస్తున్నంతసేపూ కాచిగూడ గారు కిటికీలోంచి వీధి వైపు చూస్తూ నిలబడ్డారు. రెండో కోత గుట్ట మీద పడేసరికి ప్లాస్టర్ పెచ్చుగా లేచి ఒక బండ మొత్తం ఊడింది, మౌలాలి గారు దాన్ని కింద పడకముందే రెండు చేతులా పట్టుకున్నారు. ఆ బండను ఒళ్లో పెట్టుకుని పని పూర్తయ్యేదాకా అలాగే కూర్చున్నారు. ఏప్రిల్‌లో రంపం పెట్టవద్దన్నది ఆయనే.

కరెంటు ఏడున్నరకు పోయింది. కోత మిషనుతో పని అప్పటికే ముగిసింది కాబట్టి నష్టం లేదు, ఫ్యాను లేకపోవడం మాత్రం అందరికీ తెలిసింది.

ఒక లోపం జరిగింది. హోమ్ సిగ్నల్ (బండి స్టేషనులోకి రావచ్చో లేదో చెప్పే సిగ్నల్) చెయ్యి విరిగి కనబడకుండా పోయింది. అరగంట వెతికాం. చిన్నగార్డు నేల మీద పడుకుని, చెంప గచ్చుకు ఆనించి చూస్తే, అది నులక మంచం కోడు పక్కన మామిడి టెంక కింద దొరికింది. తెచ్చి ఇస్తూ వాడు అడిగిన ప్రశ్న ఏమిటంటే, చెయ్యి అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే పొమ్మని ఎందుకు పెట్టారు, వైరు తెగితే చెయ్యి వాలిపోయి బండి వెళ్లిపోదా అని. నా ఉద్యోగ జీవితంలో కొత్తగా చేరినవాళ్లు ఆ ప్రశ్న అడగడానికి ఆరు నెలలు పట్టేది. వైరు తెగితే ఎదురు బరువు చెయ్యిని తిరిగి అడ్డంగా లేపుతుందని పుల్లతో, దారంతో, తాళంచెవుల గుత్తితో చేసి చూపించాను.

చిన్నగార్డు_వాళ్లమ్మ | మే 18, రాత్రి 8:45

ఇంటికి వచ్చాక తాళంచెవుల గుత్తి కోసం మేం గంటసేపు వెతికాం. వాడు దాన్ని తలుపు గొళ్లేనికి దారంతో కట్టాడు.

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | మే 25, రాత్రి 10:15

మూడు ముక్కలూ మల్కాజిగిరి చేరాయి. ట్రాలీ ఆటోలో నిలువుగా పెట్టి, మధ్యలో పాత పరుపులు ఇరికించి, పైన టార్పాలిన్ కప్పాం. దారిలో ఐదు నిమిషాల వాన వచ్చింది. తార్నాక గారు, మౌలాలి గారు ఆటో వెనుక నిలబడి టార్పాలిన్ అంచులను పట్టుకుని తడిసి ముద్దయ్యారు. మధ్య ముక్క మీద ఒక మూల టీ పొడి నేల కాస్త చెమ్మగిల్లింది తప్ప ఏమీ కాలేదు. తడిస్తే నేల రంగు ఇంకా బాగుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

చెప్పడం మరచిపోయాను. తార్నాక గారు చేసి తెచ్చిన మూల ముక్క మీద ఒక చిన్న టీ కొట్టు ఉంది. నేను అడగలేదు. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న మనిషి ఎడమ చేతిలో కప్పు, కుడి చేతిలో సాసర్ ఉన్నాయి. 1:87లో మనిషి రెండు సెంటీమీటర్లు, సాసర్ ఎంతుంటుందో లెక్క వేసుకోండి. అగ్గిపెట్టెల మాట ఇక ఎవరూ ఎత్తరు.

రాణిగంజ్_రంపం | జూన్ 1, మధ్యాహ్నం 2:30

ఈ ఉదయం కలిపి చూశాం. మొదటి జాయింటు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. మూల ముక్క దగ్గర మాత్రం ఒక మిల్లీమీటరు ఎత్తు తేడా వచ్చింది, అది నా ఫ్రేము కాదు, ఆ గది గచ్చు వాలు. కాళ్ల కింద అట్ట ముక్కలు పెట్టాలి. కాచిగూడ గారి ఇంట్లో దళసరి అట్ట అంటే దొరికినవి పాత శుభలేఖలే. మూడు కత్తిరించి పెడితే సరిపోయింది.

మౌలాలి_షెడ్ | జూన్ 1, రాత్రి 9:00

గుట్ట మీది బండను నేను ఇంట్లో సరిచేసి తెచ్చి పెట్టాను. అతుకు ఎక్కడుందో కాచిగూడ గారు రెండుసార్లు వెతికి కనుక్కోలేకపోయారు. నేను చెప్పలేదు.

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | జూన్ 5, సాయంత్రం 7:20

ఎనిమిది సెక్షన్లలో ఏడు పలుకుతున్నాయి. ఎనిమిదోది గుజరాతీ గల్లీ గారు శనివారం చూస్తారు. పదిహేనో నంబరు చీటీ రెండు వైర్లకు ఉందని తేలింది, చిన్నగార్డు సంజాయిషీ రాసి పంపాడు, స్వీకరించాను.

జూన్ 8 ఆదివారం సాయంత్రం ఐదుకు మొదటి బండి. వైపీ ఆవిరి ఇంజను, ఐదు పెట్టెలు, పెట్టెల మీద అజంతా ఎక్స్‌ప్రెస్ పలకలు. మీటర్ గేజ్ మీద కాచిగూడ నుంచి మన్మాడ్ వెళ్లిన ఆ బండిలోనే నేను మొదటి ఉద్యోగంలో చేరడానికి పోయాను. బడులు 12న తెరుస్తారు కనుక పిల్లలున్నవాళ్లు ఇంతకన్నా వాయిదా వేయమని అడగరనుకుంటాను. కొత్త ఆవకాయ, వేడి అన్నం మా అమ్మాయి ఇంట్లోనే.

గుంతకల్లు_పీవే | జూన్ 5, రాత్రి 8:05

నాకు 7వ తేదీకి తిరుగు రిజర్వేషన్ ఉండేది, 9కి మార్చుకున్నాను. శుభలేఖలు పెట్టిన జాయింటు మీద మొదటి బండిని పూర్తి వేగంతో పంపవద్దు. కాషన్ ఆర్డర్ (ఆ చోట నెమ్మదిగా పోవాలనే లిఖిత ఆదేశం) రాసి ఇంజను డ్రైవరుకు, గార్డుకు ఇవ్వాలి, ఇద్దరూ సంతకం చేయాలి.

కాచిగూడ_ఒకటో_ప్లాట్‌ఫారం | జూన్ 5, రాత్రి 8:11

రాశాను. గంటకు 10 కిలోమీటర్లు. గార్డు పచ్చ జెండా వాళ్లమ్మ పాత చీర అంచుతో కుట్టించుకున్నాడట, ఎర్రది ఇంకా దొరకలేదు. మీ దగ్గర ఉంటే తెండి.